ఇన్సెంటివ్ ఎక్కువ ఇచ్చే ఊరికే హెడ్డాఫీసు మార్చేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. 150 మంది ఉన్న కంపెనీ, ఇప్పుడున్న ఆఫీసు లీజు 14 నెలల్లో అయిపోతోంది. హెడ్డాఫీసు కోసం మూడు నగరాలు చూశారు. అందులో మీ టీమ్‌కి అంతగా నచ్చని ఊరి ప్రభుత్వం పెద్ద ప్యాకేజీ, అంటే పన్ను రాయితీలు, నగదు లాంటి ఇన్సెంటివ్‌లు, ఇస్తానంటోంది, మీ బోర్డులో ఒకాయన "ఎవరు ఎక్కువిస్తే అక్కడికే పోదాం, ఇందులో ఆలోచించేదేముంది" అంటున్నారు. మీకేమో ప్రభుత్వాన్ని డబ్బులడగడమే మొహమాటంగా ఉంది, పైగా ఎప్పుడు అడగాలో, ఏం అడగాలో తెలియడం లేదు.

నేను ఈ బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి. మొదట ఎనిమిదేళ్లు పెట్టుబడులు రప్పించే ప్రభుత్వ ఏజెన్సీలో ఫైళ్లు చూశాను, ఆ తర్వాత పన్నెండేళ్లుగా కంపెనీల తరఫున అదే ఫైళ్లు పెడుతున్నాను. కాబట్టి సూటిగా చెప్తాను. అడగండి, మొహమాటం అక్కర్లేదు, ఆ బడ్జెట్ ఉన్నదే అందుకు. కాకపోతే ఊరు ఎంచుకునేటప్పుడు ఆ అంకె కాగితం మీదే ఉండకూడదు. ముందు ఇన్సెంటివ్ సున్నా అనుకుని మూడు ఊళ్లకీ ర్యాంకులు వేయండి. మొదటి రెండు ఊళ్లు దాదాపు సమానంగా వస్తేనే ఇన్సెంటివ్ లెక్క బయటకి తీయండి. మూడో ర్యాంకు వచ్చిన ఊరిని ప్యాకేజీ మొదటి ర్యాంకుకి లాక్కొస్తోందంటే, నా అనుభవంలో పదిలో తొమ్మిదిసార్లు ఎక్కడో లెక్క తప్పింది.

ఎందుకో చెప్తాను, అంకెలతోనే. మీ 150 మంది సగటు జీతం ఏడాదికి 80 వేల డాలర్లు అనుకుందాం. అంటే జీతాల ఖర్చు 1.2 కోట్ల డాలర్లు. ఆ ఊరు పదేళ్లలో 30 లక్షల డాలర్ల పన్ను రాయితీ ఇస్తానంది అనుకోండి. వినడానికి బాగుంది, పేపర్లో హెడ్‌లైన్ కూడా పడుతుంది. కానీ ఏడాదికి చూస్తే అది 3 లక్షలే. అవతలి ఊరిలో మీకు కావలసిన మనుషులు దొరక్క మూడు శాతం ఎక్కువ జీతం ఇవ్వాల్సి వస్తే, ఏడాదికి 3.6 లక్షలు అక్కడే పోతుంది. అక్కడితో రాయితీ మొత్తం గోవిందా. ఇంకా ఊరు మారడం ఇష్టంలేక మానేసే వాళ్ల సంగతి, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లని వెతికి పని నేర్పే ఖర్చు సంగతి నేను లెక్కలో వేయనే లేదు.

ఆ 30 లక్షలు కూడా 30 లక్షలు కాదండి. మొదటి వాయిదా సాధారణంగా రెండో ఏడాది చివర్లో గానీ రాదు, ఎందుకంటే మీరు ఉద్యోగాలు ఇచ్చినట్టు ముందు నిరూపించాలి. ఏడాదికి 3 లక్షల చొప్పున అప్పట్నుంచి పదేళ్లు వస్తుందనుకుని రేపొచ్చే డబ్బు ఇవాళ్టి డబ్బంత విలువ చేయదు కాబట్టి ఏడాదికి పది శాతం చొప్పున తగ్గించి (దీన్ని డిస్కౌంట్ రేటు అంటారు) ఇవాళ్టి విలువ కడితే సుమారు 17 లక్షలు తేలుతుంది. చెప్పినన్ని ఉద్యోగాల్లో 80 శాతమే ఇవ్వగలిగితే, వాళ్లు దామాషాగా కోస్తే, పదమూడున్నర. దామాషా క్లాజు లేకపోతే సున్నా కూడా కావచ్చు. అది పన్ను క్రెడిట్ అయితే, అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించే మొత్తమైతే, ఇంకో తిరకాసు ఉంది. మీకు లాభం లేని ఏడాది కట్టాల్సిన పన్నే ఉండదు కాబట్టి ఆ క్రెడిట్ దేనికీ పనికిరాదు. దాన్ని నగదుగా తిరిగిస్తారా, వేరే కంపెనీకి అమ్ముకోనిస్తారా, కనీసం తర్వాతి ఏళ్లకి మోసుకెళ్లనిస్తారా అన్నది మొదటి మీటింగ్‌లోనే అడగండి. పెరుగుతున్న కంపెనీలు సాధారణంగా మొదటి నాలుగైదేళ్లు నష్టాల్లోనే ఉంటాయి, సరిగ్గా ఆ ఏళ్లలోనే డబ్బు అవసరం ఎక్కువ. నేను మాత్రం ప్రకటించిన అంకెని ఎప్పుడూ సగానికి కొట్టి అక్కడ్నుంచి మాట్లాడటం మొదలుపెడతాను.

ఇది నా ఒక్కడి నమ్మకం కాదు. అమెరికాలో అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్‌లో టిమోతీ బార్టిక్ అని ఆర్థికవేత్త ఉన్నారు, ఈ విషయం మీదే ఏళ్ల తరబడి పనిచేసినాయన. ఆయన 2018లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే, ఇన్సెంటివ్ వల్లే నిర్ణయం మారిన కంపెనీలు 2 నుంచి 25 శాతం మధ్యే అని తేలింది. అంటే కనీసం ముప్పావు వంతు కంపెనీలు డబ్బు ఇవ్వకపోయినా అక్కడికే వచ్చేవి. ఏజెన్సీలో పనిచేసిన రోజుల్లో ఇది మాకు అధ్యయనాలు చదవకుండానే తెలుసు. "వేరే రాష్ట్రం కూడా పరిశీలిస్తున్నాం" అని లెటర్‌హెడ్ మీద రాసి పంపేవాళ్లు, అదే వారం మా ఊరి పేరుతో ఉద్యోగ ప్రకటనలు పడేవి. ఎండీ గారి పిల్లలకి ఏ ఊరి స్కూల్లో సీటు అడిగారో కూడా మాకు ఎలాగోలా తెలిసిపోయేది. తెలిసినా ఇచ్చేవాళ్లమా అంటే, చాలాసార్లు ఇచ్చేవాళ్లం. ఎన్నికల ముందు ఒక ప్రారంభోత్సవం పైవాళ్లకి కావాలి కదా.

పెద్ద కంపెనీల కథలు చూసి మీ బోర్డు మెంబరు గారు ఉత్సాహపడుతున్నట్టున్నారు, కాబట్టి ఆ కథలే కాస్త చివరిదాకా చదువుదాం.

అమెజాన్ 2017 సెప్టెంబరులో రెండో హెడ్‌క్వార్టర్స్ పెడతామని బహిరంగంగా పోటీ పెట్టింది. 50 వేల ఉద్యోగాలు, 500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. 238 ప్రతిపాదనలు వచ్చాయి. అరిజోనాలోని టూసాన్ నగరం వాళ్లు ఇరవై ఒక్క అడుగుల బ్రహ్మజెముడు లాంటి సగారో మొక్కని కానుకగా పంపారు. జార్జియాలో స్టోన్‌క్రెస్ట్ అనే ఊరు 345 ఎకరాలు విడగొట్టి దానికి అమెజాన్ అని పేరు పెడతామంది. న్యూజెర్సీలోని న్యూఆర్క్ 700 కోట్ల డాలర్లు, మేరీల్యాండ్ 850 కోట్ల డాలర్లు ముందుకు పెట్టాయి. మీ బోర్డు మెంబరు గారి సూత్రం ప్రకారం మేరీల్యాండ్ గెలవాలి. 2018 నవంబరులో అమెజాన్ ఎంచుకున్నది న్యూయార్క్‌ని, ఇంకా వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌ని. ఆర్లింగ్టన్ ఇచ్చింది ఎంత? రాష్ట్రం, కౌంటీ కలిపి నేరుగా ఇచ్చేది 57.3 కోట్ల డాలర్లు. మేరీల్యాండ్ అంకెలో పదో వంతు కూడా లేదు, రెండూ వాషింగ్టన్ నగరాన్ని ఆనుకునే ఉన్నాయి. ఎందుకంటే వర్జీనియా అసలు బేరం వేరే చోట పెట్టింది. కంప్యూటర్ చదువులు చదివేవాళ్ల సంఖ్య రాష్ట్రమంతా పెంచుతాం, అలెగ్జాండ్రియాలో వర్జీనియా టెక్ కొత్త క్యాంపస్ పెడతాం, రవాణా బాగుచేస్తాం అంది. నగదులో కూడా ఉద్యోగానికి 22 వేల డాలర్లు, అదీ సగటున లక్షన్నర డాలర్ల జీతంతో ఉద్యోగం ఇచ్చాకే.

న్యూయార్క్ దాదాపు 300 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చింది. రహస్యంగా మాట్లాడుకున్నారని, అందులో హెలిప్యాడ్ కూడా ఉందని తెలిసేసరికి జనం, స్థానిక నాయకులు భగ్గుమన్నారు. 2019 ఫిబ్రవరి 14న, మూడు నెలలకే, అమెజాన్ మేం రావట్లేదని చెప్పేసింది. ఆర్లింగ్టన్‌లో మొదటి దశ భవనాలు 2023లో తెరిచారు, అదే ఏడాది రెండో దశని పక్కన పెట్టారు. ప్రపంచంలో అంత బేరమాడే శక్తి ఉన్న కంపెనీకే ప్లాను అనుకున్నట్టు జరగలేదు. మీకు పదేళ్ల తర్వాత ఎంతమంది ఉంటారో ఇప్పుడే సంతకం పెట్టి చెప్పమంటున్నారు, ఒకసారి ఆలోచించుకోండి.

జనరల్ ఎలక్ట్రిక్‌ది ఇంకా దగ్గరి పాఠం, ఎందుకంటే అది అచ్చంగా హెడ్డాఫీసు మార్పు. 1974 నుంచి కనెక్టికట్‌లోని ఫెయిర్‌ఫీల్డ్‌లో ఉన్న కంపెనీ, 2015లో రాష్ట్రం పన్నులు పెంచినందుకు బహిరంగంగానే గొణిగి, 2016 జనవరిలో బోస్టన్‌కి వెళ్తున్నామంది. మసాచుసెట్స్ రాష్ట్రం 12 కోట్ల డాలర్ల దాకా, బోస్టన్ నగరం ఆస్తి పన్నులో 2.5 కోట్ల దాకా ఇస్తామన్నాయి, 800 ఉద్యోగాలకి. మూడేళ్లు తిరిగేసరికి కంపెనీ పరిస్థితే తలకిందులైంది. కట్టాలనుకున్న టవర్ కట్టబోమని, మనుషులు 250 మందే ఉంటారని 2019లో చెప్పి, రాష్ట్రానికి 8.7 కోట్ల డాలర్లు తిరిగి కట్టడానికి ఒప్పుకున్నారు. 2024 కల్లా ఆ కంపెనీయే మూడు ముక్కలైంది. బోస్టన్‌కి వెళ్లడం తప్పని నేను అనను, యూనివర్సిటీల కోసం వెళ్లారు, అది మంచి కారణమే. కానీ పదేళ్ల హామీ ఇచ్చేటప్పుడు మన కంపెనీ ఇదే రూపంలో పదేళ్లు ఉంటుందా అని మనల్ని మనం అడగాలి. మిమ్మల్ని ఎవరైనా కొనేస్తే? కొన్నవాడు హెడ్డాఫీసు తన ఊరికి లాగేస్తే? ఆ క్లాజు ఒప్పందంలో ఉండాలి, చాలామంది చూసుకోరు.

బోయింగ్ 2001లో సియాటెల్ వదిలినప్పుడు మరీ నాటకీయంగా చేశారు. షికాగో, డాలస్, డెన్వర్ మూడు పోటీలో ఉంటే, పైలట్లు మూడు ఊళ్లకీ ఫ్లయిట్ ప్లాన్ దాఖలు చేసి బయల్దేరారు, గాల్లోకి లేచాక షికాగో అని ప్రకటించారు. హెడ్డాఫీసంటే అక్కడికి వెళ్లింది ఓ 500 మంది. 20 ఏళ్లలో 6 కోట్ల డాలర్లకి పైగా ప్యాకేజీ. ఆ ఇరవై ఏళ్లూ గడిచాక, 2022 మేలో హెడ్‌క్వార్టర్స్ ఆర్లింగ్టన్‌కి మారుస్తున్నామన్నారు. ఏజెన్సీలోని నా పాత స్నేహితులు దీన్ని ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. వాళ్లు మీ విషయంలో ఎందుకంత అనుమానంగా ఉంటారో, ఎందుకన్ని షరతులు పెడతారో ఇలాంటివి చూస్తే తెలుస్తుంది.

సరే, ఎప్పుడు అడగాలి? నేను చూసినవాటిలో ఎక్కువ తప్పులు ఇక్కడే. దాదాపు ప్రతి ప్రభుత్వ ఫైల్లో ఒక కాగితం ఉంటుంది, "ఈ సాయం లేకపోతే ఈ ప్రాజెక్టు ఇక్కడికి వచ్చేది కాదు" అని అధికారి సంతకం పెట్టాలి, కంపెనీ కూడా పెట్టాలి. మీరు లీజు మీద సంతకం చేసేశాక, లేదా ప్రెస్ నోట్ ఇచ్చేశాక, ఆ కాగితం అబద్ధమైపోతుంది. నేను చూసిన ఒక కేసు చెప్తాను, కంపెనీ పేరు అనవసరం. అంతా అయిపోయింది, అనుమతుల కమిటీ గురువారం. మంగళవారం సాయంత్రం వాళ్ల సీఈఓ కొత్త బిల్డింగ్ లాబీలో హెల్మెట్ పెట్టుకుని సెల్ఫీ తీసి "మా కొత్త ఇల్లు" అని లింక్డిన్‌లో పెట్టాడు. బుధవారం పొద్దున్న అధికారి నాకు ఆ ఫోటో వాట్సాప్‌లో పంపి కింద ఒక్క ముక్కా రాయలేదు. ఫైలు మూసేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే నవ్వుతాం గానీ, ఆ సెల్ఫీ ఖరీదు ఏడాదిన్నర పని.

కాబట్టి వరుస ఇది. రెండు ఊళ్లు ఫైనల్ అయ్యాక, బిల్డింగ్ ఓనర్‌తో మాటలు నడుస్తుండగానే, సంతకానికి కనీసం ఆరు నెలల ముందు ఏజెన్సీకి వెళ్లండి. బోర్డు మినిట్స్‌లో "ఫలానా ఊరు ఖరారు" అని రాయించకండి, ఎందుకంటే తర్వాత ఆడిట్‌లో అవి అడుగుతారు. అలాగని లేని పోటీ ఉన్నట్టు నటించమని కాదు, నటించకండి కూడా. అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం పెడితే రాయితీ పోవడంతో ఆగదు. నిజంగా రెండో ఊరు ఉండాలి, అక్కడి బిల్డింగ్ కొటేషన్, జీతాల సర్వే, ప్రయాణ ఖర్చుల లెక్క ఫైల్లో ఉండాలి. నిజమైన రెండో ఊరు ఉంటే గొంతు పెంచాల్సిన పనే ఉండదు.

మీ మూడు ఊళ్లలో రెండు ఒకే మహానగరంలో భాగమైతే, అంటే నది ఇటు అటు లాంటివైతే, కాస్త జాగ్రత్త. అమెరికాలో కాన్సస్, మిస్సోరీ రాష్ట్రాల సరిహద్దు కాన్సస్ సిటీ మధ్యలోంచి పోతుంది. ఏళ్ల తరబడి రెండు రాష్ట్రాలూ ఒకరి కంపెనీల్ని ఒకరు లాక్కున్నారు. సినిమా హాళ్ల ఏఎమ్‌సీ కంపెనీ హెడ్డాఫీసు ఇటు నుంచి అటు వెళ్లింది, ఉద్యోగులు అదే ఇంటి నుంచి వేరే రోడ్డు పట్టుకున్నారు, అంతే. ఆ ప్రాంతానికి ఒక్క కొత్త ఉద్యోగమూ రాలేదు, ఖజానాలు మాత్రం ఖాళీ. చివరికి 2019లో రెండు రాష్ట్రాలూ సంధి చేసుకున్నాయి. ఇలాంటి మార్పులకి డబ్బు ఇవ్వకూడదని ఇప్పుడు చాలా చోట్ల నిబంధనలున్నాయి. యూరప్‌లో అయితే ప్రాంతీయ పెట్టుబడి సాయం తీసుకునే కంపెనీ, దరఖాస్తుకి ముందు రెండేళ్లలో అదే పనిని వేరే సభ్యదేశం నుంచి ఇక్కడికి తరలించలేదని, పెట్టుబడి పూర్తయ్యాక రెండేళ్ల దాకా తరలించబోనని రాసివ్వాలి.

యూరప్ మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ప్రభుత్వం ఇష్టపడి ఇచ్చినా అది చట్టవిరుద్ధమని తేలితే వెనక్కి కట్టాలి. ఐర్లండ్ యాపిల్‌కి ఇచ్చిన పన్ను వెసులుబాటు అక్రమ సాయమని యూరోపియన్ కమిషన్ 2016లో తేల్చి, 1300 కోట్ల యూరోలు వసూలు చేయమంది. ఆ డబ్బు మాకొద్దు మొర్రో అని ఐర్లండే కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరులో యూరప్ అత్యున్నత కోర్టు కమిషన్ పక్షానే తీర్పిచ్చింది. మీ స్థాయికి ఇది దూరమే గానీ, "మంత్రిగారు మాటిచ్చారు" అన్నది రక్షణ కాదని గుర్తుపెట్టుకోండి. ఏ చట్టం, ఏ పథకం, ఏ సెక్షన్ కింద ఇస్తున్నారో కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు అసలు నొప్పి ఎక్కడ పుడుతుందో చెప్తాను, ఉద్యోగాల లెక్క దగ్గర. నా క్లయింటు ఒకరు మూడో ఏడాదికి 200 ఉద్యోగాలు ఇస్తామని సంతకం పెట్టారు. నేను వాళ్ల దగ్గరికి వెళ్లింది సంతకం అయ్యాకే, లేకపోతే పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మూడో ఏడాది ఆడిటర్ వచ్చాడు, హెచ్‌ఆర్ అమ్మాయి గర్వంగా 196 మంది లిస్టు ప్రింట్ తీసి ఇచ్చింది. ఆయన స్కేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పెన్సిల్‌తో కొట్టేస్తూ వెళ్లాడు. 22 మంది ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు వాళ్లు, లెక్కలోకి రారు. 14 మంది వేరే రాష్ట్రంలో ఇంటి నుంచి పనిచేస్తున్నారు, రారు. 9 మంది వారానికి 35 గంటల కంటే తక్కువ, రారు. మిగిలింది 151. ఒప్పందంలో కనీస గీత 80 శాతం, అంటే 160. ఆ ఏడాది క్రెడిట్ మొత్తం పోయింది, ముందు ఏడాది తీసుకున్నదాంట్లో కూడా కొంత వెనక్కి కట్టారు. తొమ్మిది మంది తేడాకి. కంపెనీలో ఎవరూ మోసం చేయలేదు, "ఉద్యోగం" అంటే ఏమిటో ఎవరూ చదవలేదు, అంతే.

అందుకే హామీ ఇచ్చేటప్పుడు మీ సొంత ప్లానులో 75, 80 శాతమే రాయండి. ప్యాకేజీ కాస్త చిన్నదవుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. డబ్బు వెనక్కి తీసుకునే క్లాజుని క్లాబ్యాక్ అంటారు, అది దామాషాగా ఉండాలని పట్టుబట్టండి, తప్పితే సరిదిద్దుకోవడానికి ఓ ఏడాది గడువు అడగండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లని ఎలా లెక్కిస్తారో రాయించుకోండి, హెడ్డాఫీసు ఒప్పందాల్లో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గొడవ అదే.

అడిగేది నగదే కానక్కర్లేదు. చిన్న కంపెనీకి నగదు కంటే అనుమతులు మూడు నెలలు ముందు రావడం, కొత్తవాళ్ల శిక్షణ ఖర్చులో సగం భరించడం, బస్సు రూటు ఆఫీసు దాకా పొడిగించడం లాంటివి ఎక్కువ ఉపయోగపడతాయి. ఇవ్వడం వాళ్లకీ తేలిక, క్లాబ్యాక్ గొడవ దాదాపు ఉండదు, పేపర్లో తిట్లూ పడవు.

కన్సల్టెంట్‌ని పెట్టుకోవాలా అంటే, నేనే కన్సల్టెంట్‌ని కాబట్టి నా మాట కొంచెం తగ్గించి వినండి. పెట్టుకోండి గానీ ఇన్సెంటివ్‌లో శాతం అడిగేవాణ్ణి పెట్టుకోకండి. ప్యాకేజీ ఎంత పెద్దదైతే వాడికి అంత ఎక్కువ, మీకు సరిపడే ఊరు చెప్పడం వాడికి నష్టం. నేనూ మొదట్లో రెండేళ్లు అలాగే తీసుకున్నాను, నా సలహాలు ఎటు ఒరుగుతున్నాయో నాకే తెలిసి మానేశాను. ఫిక్స్‌డ్ ఫీజు మాట్లాడుకోండి.

చివరిగా మీ 14 నెలల సంగతి. అది తక్కువ టైమే, ఆ టెన్షన్‌లోనే చాలామంది వచ్చిన మొదటి ప్యాకేజీకి తలూపేస్తారు. ఈ వారమే మీ ఇప్పటి ఓనర్‌ని కలిసి ఇంకో ఆరు నెలలు నెలవారీ అద్దెకి ఉండనిస్తారా అని అడగండి, కాస్త ఎక్కువ అద్దె అయినా సరే. ఆ తర్వాత ప్యాకేజీ ఇస్తానన్న ఊరి నుంచి టర్మ్ షీట్, అంటే ఒప్పందం షరతుల ముసాయిదా, రాతపూర్వకంగా తెప్పించండి. వచ్చాక మొత్తం ఎంత అన్న పేజీ బోర్డుకి ఇచ్చేసి, నిర్వచనాలున్న పేజీ మీరు తీసుకోండి. "ఉద్యోగం", "హెడ్డాఫీసు", "యాజమాన్య మార్పు" ఈ మూడు మాటలకి అర్థం అందులో స్పష్టంగా లేకపోతే ఆ ముక్క ఇక్కడ పెట్టండి, కంపెనీ పేరు తీసేసి, చూసి చెప్తాను.